బూజు పట్టని రొట్టె

డబల్ రొట్టె, అదే బ్రెడ్డు అంటే హాలియా చుట్టుపక్కల ఊళ్లలో జ్వరమొచ్చినవాళ్ల తిండి. ఒంట్లో బాగున్నవాడు చేతిలో రొట్టె పట్టుకుని నడిస్తే చాలు, ఇంట్లో ఎవరికి బాగాలేదని నలుగురూ ఆపి అడిగేవాళ్లు. అందుకే వానలు పడి దోమలు పెరిగాయంటే మా రొట్టెల బట్టీకి చేతినిండా పని. ఆ మాట నేను పైకి అన్నానా, మా అత్త ఇక్బాల్ బీ ఊరుకునేది కాదు. "మంది జరాల మీద బతుకుతున్నమానే మనం? నోరా అది, మోరీనా?" అని నెత్తిమీద ఒక్కటి మొట్టేది.

నా నోటి సంగతి పెళ్లికి ముందే అందరికీ తెలుసు. మాది మర్రిగూడ. అక్కడి ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగినందుకు నా పళ్లు పసుప్పచ్చగా ఉంటాయి. నన్ను చూడ్డానికి పెళ్లివారు వచ్చిన రోజు వాళ్ల చుట్టమొకావిడ పళ్ల మాట ఎత్తింది. "రొట్టెలు పళ్లతోని చేస్తరా, చేతులతోని చేస్తరా?" అని నేను గుమ్మం లోపలి నుంచే అడిగాను. మా అమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. మా మామ చోటే మియా మాత్రం పగలబడి నవ్వి, "గీ పిల్లనే నా కోడలు" అని లేచి నిలబడ్డాడట. అట్లా షరీఫా అనే నేను హాలియా బట్టీ ఇంటి కోడలినయ్యాను.

మా రొట్టె పొంగేది ఖమీర్‌తో. ఖమీర్ అంటే పెద్ద విషయమేమీ కాదు, పులిసిన పిండి ముద్ద. కాకపోతే మా ఖమీర్ ఏ రోజుకారోజు పుట్టింది కాదు. సాయంత్రం మైదా పిసకడం అయ్యాక, రొట్టెలకు ముద్దలు చేసేముందు, కొబ్బరికాయంత ముద్ద తీసి చిన్న మట్టి గురిగిలో వేసి తడిబట్ట కప్పుతాం. మరునాటి పిండిని పొంగించేది ఆ ముద్దే. ఆ పిండిలోంచి మళ్లీ ఒక ముద్ద. ఒక్కరోజు తెగకుండా ముప్పై ఏళ్లు ఇట్లాగే నడిచింది. మా మామ హైదరాబాద్‌లో ఒక ఉస్తాద్ దగ్గర పని నేర్చుకుని, సాగర్ కాలువ తవ్వే రోజుల్లో ఇక్కడి క్యాంపులకు రొట్టెలు చేద్దామని బయల్దేరితే, ఆ ఉస్తాద్ తన గురిగిలోంచి సగం తీసి ఇచ్చిన ముద్ద అది. కాలువ పూర్తయింది, క్యాంపులు ఎత్తేశారు, ఇంజనీర్లు పోయారు. ఖమీర్ మాత్రం మా ఇంట్లో ఉండిపోయింది.

మా అత్త పోయింది ఎనభై ఎనిమిదిలో. పోయేముందు గురిగిని కొడుకు చేతికి ఇవ్వలేదు, నా చేతిలో పెట్టింది. "వాడు యాపారం జూసుకుంటడు. నువ్వు దీన్ని జూడు. దినాం తిండి వెట్టాలె. ఊరికి వొయినా, పండుగొచ్చినా, ఇంట్ల పీనుగ లేసినా సరే, మరువకు" అంది. నగలూ నట్రా ఏమీ లేవు ఆవిడ దగ్గర. ఉన్నదిది, నాకిచ్చింది. ఆ రోజు నాకు కలిగిన గర్వం ఇంతా అంతా కాదు.

అప్పటికే మామకు చేతుల వణుకు మొదలైంది. చాయ్ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నా సగం చొక్కా మీదే పడేది. ఇక పిండేం పిసుకుతాడు? పొద్దున్నే అంగడి ముందు స్టూలు వేసుకుని కూర్చునేవాడు. వచ్చినవాళ్లకు ఉస్తాద్ కథ, ఖమీర్ కథ చెప్పేవాడు. విన్నవాళ్లకే మళ్లీ చెప్పేవాడు. "మామా, గాయన నిన్న గూడ విన్నడు, ఇడిసిపెట్టు" అని నేను లోపలి నుంచి అరిస్తే, "ఇంకోపారి వింటే చెవులు అరుగుతయా?" అనేవాడు. ఉన్నమాట చెప్తున్నాను, నాకు ఆ గొంతు వినబడకపోతే పని సాగేది కాదు.

మా రొట్టె మూడో రోజుకు బూజు పట్టేది. ముసురు పట్టిందంటే రెండో రోజు సాయంత్రానికే అడుగున ఆకుపచ్చ చుక్కలు. అది మాకెప్పుడూ తప్పుగా తోచలేదు. పాలు విరుగుతాయి, అన్నం పాచిపోతుంది, రొట్టెకు బూజు పడుతుంది, అంతే కదా! ఊళ్లలో కొట్లకు వేసిన రొట్టెల్లో మిగిలినవి మా ఆయన లియాఖత్ అలీ రెండో రోజు వాపస్ తెచ్చేవాడు. వాటిని కోసి, బట్టీ వేడిలో ఎండబెట్టి, చాయ్‌లో ముంచుకునే పాపేలు చేసేవాళ్లం. ఏదీ పారేసేవాళ్లం కాదు.

తొంభై మూడు వానాకాలంలో పట్నం నుంచి కంపెనీ రొట్టె దిగింది. మెరిసే కాగితం చుట్టి, వారానికి రెండుసార్లు వ్యానులో వచ్చేది. ఎనిమిది రోజులు ఆగుతుందని చెప్పి అమ్మేవాళ్లు. నాకు మంటెక్కి ఒకటి కొనుక్కొచ్చి కిటికీలో పెట్టాను. ఎనిమిది రోజులు పోయాయి, పది పోయాయి, దాని మీద ఒక్క చుక్క లేదు. "రొట్టెనా, మైనం ముద్దనా ఇది?" అని నోటికొచ్చినట్టు తిట్టాను. తిట్టడమైతే తిట్టాను కానీ లోపల భయం మొదలైంది.

ఆ భయం ఉత్తదేమీ కాదు. కాలువ వెంబడి ఊళ్లలో కొట్లవాళ్లు ఒక్కొక్కరే మా ఆయన మోపెడ్‌ను వెనక్కి తిప్పడం మొదలుపెట్టారు. ఎవరూ గొడవపడి మానలేదు. "భాయ్, నీ రొట్టె రుచికి వంక లేదు. కానీ గీ బూజుతోని నేను పరేషాన్. కొన్నోళ్లు తెచ్చి మొకాన కొడుతున్నరు. గాళ్లదైతే వారం రోజులు ఫికర్ లేదు" అని మంచిగానే చెప్పేవాళ్లు. పొద్దున నింపుకుపోయిన బుట్ట మధ్యాహ్నానికి సగం నిండుగానే తిరిగొచ్చేది. పాపేలైనా ఎన్నని చేస్తాం?

అప్పుడొచ్చాడు అమరేందర్. నల్లగొండ నుంచి బేకరీలకు ఎసెన్సులు, రంగులు, ఈస్టు పొట్లాలు సరఫరా చేసే మనిషి. సంచిలోంచి తెల్లటి పొడి పొట్లం తీసి అరుగు మీద పెట్టాడు.

"మైదాల గిది కలుపుండ్రి. బూజు దగ్గరికి రాదు" అన్నాడు.

"ఏంది, చేన్లకు కొట్టే మందా?" అన్నాను నేను.

"అట్లనకమ్మా. ఇది సర్కార్ ఒప్పుకున్నదే. పెద్ద పెద్ద కంపెనీలన్ని గిదే కలుపుతయి. తిన్నోనికి ఏం గాదు. తొంభై కిలోల బస్తాకు పావు కిలో, అంతకు మించద్దు. పిండి కలపకముందే పొడి మైదాల కలపాలె, అప్పుడే అంతటికీ సమంగ అందుతది."

మా ఆయన నా వైపు చూశాడు. నేను మామ వైపు చూశాను. మామ పొట్లం విప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని, మళ్లీ మూసేశాడు. "నాకు తెలిసిన పని కాదిది. చేసేటోళ్లు మీరు, మీ ఇష్టం" అన్నాడు. వద్దని ఒక్కమాట అని ఉంటే నేను ముట్టుకునేదాన్ని కాదు. కానీ మూసుకుపోతున్న వ్యాపారాన్ని చూస్తూ కొడుకుకు అడ్డం పడే మనిషి కాదాయన. ఇందులో ఆయన తప్పు వెతకడం కూడా అన్యాయమే.

ఆ పొడి పని చేసింది. చేయలేదని ఎట్లా అంటాను? మూడో రోజు దాటింది, నాలుగో రోజు దాటింది, రొట్టె మీద చుక్క లేదు. మా ఆయన బుట్ట ఖాళీగా రావడం మొదలైంది. ఇంట్లో నవ్వులు మళ్లీ వినబడ్డాయి. ముసుర్లలో మాత్రం ఆరో రోజుకు బూజు కనబడుతోందని ఎవరో కొట్టువాడు అన్నాడట. "కంపెనీ రొట్టె ఎనిమిది దినాలుంటాంది గద. ఇంకో పిడికెడు ఎక్కువెయ్యి" అన్నాడు మా ఆయన. వేశాను. మంచిది కదా, ఎక్కువైతే ఇంకా మంచిదనుకున్నాను. నా తెలివి అక్కడికే వచ్చింది.

రోజూ పొడి మైదాలో ఆ మందు కలిపేదాన్ని. గురిగిలోని ముద్ద వేసి పిసికేదాన్ని. పిసకడం అయ్యాక, అలవాటు ప్రకారం, అదే పిండిలోంచి కొబ్బరికాయంత ముద్ద తీసి గురిగిలో వేసేదాన్ని. అత్త చేసినట్టే, మామ చేసినట్టే, ఆయన ఉస్తాద్ చేసినట్టే. నా చేయి దానంతటదే పోయి తీసేది. ఏం తీస్తున్నానో, అందులో ఏం కలిసుందో ఒక్కనాడైనా ఆలోచించానా? లేదు.

దసరా దాటాక పిండి పొంగడం మందగించింది. చలి వల్లే అనుకున్నాను. గోరువెచ్చని నీళ్లు పోశాను. ఇంత చక్కెర వేశాను. గురిగిని బట్టీ గోడకు ఆనించి, గోనెసంచి చుట్టాను. జ్వరమొచ్చిన పిల్లకు చేసినట్టు అన్నీ చేశాను. ఒక రోజు లేచేది, ఒక రోజు లేచేది కాదు. ఒక పొద్దున బట్టీలోంచి తీసిన రొట్టెలన్నీ ఇటుకల్లా బయటికొచ్చాయి. మా ఆయన ఒకటి చేతిలోకి తీసుకుని, అరుగుకేసి కొట్టి చూసి, మోపెడ్ లోపల పెట్టేశాడు.

మామ గోడ పట్టుకుని లోపలికి వచ్చాడు. గురిగి మీద బట్ట తీశాడు. వణికే వేలు ముద్దలో గుచ్చాడు. వేలి గుంట గుంటలాగే ఉండిపోయింది. ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు వాసన చూశాడు.

"బిడ్డా, ముద్ద ఎప్పుడు తీస్తున్నవ్? పొడి కలపకముందా, కలిపినంకనా?"

"కలిపినంకనే మామా. పిండి పిసికినంకనే గద తీస్తం."

ఆ మాట నా నోట్లోంచి వస్తుండగానే నాకు అర్థమైంది. ఆయన కోప్పడలేదు. "బూజునే బతకనియ్యని మందు ఖమీర్‌ను బతకనిస్తదా?" అని తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. మూడు రోజులు మందు లేని పిండి కలిపి తినిపించి చూశాం. ముద్ద చిన్న బుడగ కూడా వేయలేదు. నాలుగో రోజు మామ దాన్ని బట్టలో చుట్టి, సంకలో పెట్టుకుని, కాలువ దాకా ఒక్కడే నడిచిపోయి నీళ్లలో వదిలి వచ్చాడు. తోడు వస్తానంటే వద్దన్నాడు.

నేను అన్నం ముట్టలేదు. అత్త నన్ను నమ్మి ఇచ్చిన ఒకే ఒక్క దాన్ని, ముప్పై ఏళ్లు బతికిన దాన్ని, నా చేతులతో రోజుకింత విషం పెట్టి చంపాను. మా ఆయన, "పోనీ లేవే, ఈస్టు పొట్లాలు ఉన్నయి గద, రెండు గంటల్ల పొంగుతది" అన్నాడు. ఓదార్చడానికే అన్నాడు పాపం. నేను మాత్రం ఆయన మీద చెంబు విసిరాను.

మరునాడు మధ్యాహ్నం మామ నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"నీకొక మాట జెప్తా. మీ అత్తకు దప్ప ఎవలకు తెలవదు. నువ్వు సంపింది ఉస్తాద్ ఇచ్చిన ఖమీర్ గాదు. అది ఎన్నడో సచ్చింది. నేనే సంపిన."

నేను తలెత్తి చూశాను.

"ఇక్కడికొచ్చిన మూడో ఏడు. నేను, మీ అత్త జాన్‌పహాడ్ దర్గా ఉర్సుకు వోయినం. నాలుగు దినాలు. గురిగి ఇంట్ల మరిచిపోయినం. వచ్చి చూస్తే పురుగులు. ఉస్తాద్‌కు మొకం సూపెట్టలేక, దొంగతనంగ కొత్తది జేసిన. గదే ఉస్తాద్‌దని ఇన్నేండ్లు అందరికీ జెప్పుకుంట తిరిగిన. నీదెంత తప్పో నాది అంతకు రెండంతల తప్పు. ఇగ లే. తొమ్మిది దినాల్ల కొత్తది లేపుకుందాం."

నాకు ఎంత ప్రాణం లేచొచ్చిందో ఏం చెప్పను! ఏడుస్తూనే నవ్వాను. ఓయబ్బో, ఎంత గొప్పగా చెప్పేవాడివి ఉస్తాద్ ఉస్తాద్ అని, అని ఎగతాళి కూడా చేశాను. ఆయన తలవంచుకుని విన్నాడు.

సోంపు మరిగించిన నీళ్లు, పుల్లటి పెరుగు, మందు తగలని మైదా. ఆయన చెప్తుంటే నేను కలిపాను. రోజూ సగం తీసేసి సగానికి తిండి పెట్టాలి. ఐదో రోజు కంపు కొట్టింది, పారేస్తానంటే ఆగమన్నాడు. తొమ్మిదో రోజు పొద్దున గురిగి మీది బట్ట పైకి లేచి ఉంది. మామ వంగి వాసన చూసి, "అదే. అచ్చం పాతదాని వాసననే" అన్నాడు. నాకు ఎందుకో అది కాదనిపించింది. పాతదాంట్లో మగ్గిన సీతాఫలం వాసన ఉండేది, ఇందులో లేదు. కానీ ముప్పై ఏళ్లు దానితో బతికిన మనిషి అదేనంటుంటే నా ముక్కు గొప్పదా?

అప్పటి నుంచి రెండు రకాల రొట్టెలు చేశాం. కొట్లకు వేసేవి ఈస్టుతో, మందు పొడితో. అంగట్లో అమ్మేవి కొన్ని ఖమీర్‌తో. గురిగి ఉన్న గదిలోకి ఆ పొట్లాన్ని నేను రానివ్వలేదు.

ఊళ్లో మాట ఆగదు కదా. చోటే మియా రొట్టె రుచి మారిందన్నారు. మర్రిగూడ కోడలు పాత ఖమీర్‌ను చంపేసిందట అన్నారు. ఒకావిడ ఏకంగా మా అంగడి ముందే నిలబడి, "అత్త ఉన్నన్ని దినాలు మంచిగుండె" అంది. నేను దులిపేద్దామని బయటికి వచ్చేలోపు మామ అందుకున్నాడు.

"కోడల్ని ఏమనకు అవ్వా. పాత ఖమీర్ ఎన్నడో సచ్చింది. నేనే సంపిన. ముప్పై ఏండ్లు మిమ్ములనందరిని మోసం జేసిన" అంటూ ఉర్సు కథ మొత్తం చెప్పాడు.

ఇక అదే ఆయన కథ అయిపోయింది. ఉస్తాద్ గొప్పలు చెప్పిన నోటితోనే తన మోసం కథ చెప్పేవాడు. విని కొందరు నవ్వారు. "ఇన్నేండ్లు మంచిగ టోపీ పెట్టినవ్ పో" అన్నాడు చాయ్ హోటల్ ఆయన. ఆ మాటకు మామ కూడా నవ్వాడు. నేను లోపల పిండి పిసుకుతూ వింటూ ఉండేదాన్ని. ఎందుకయ్యా ఈ ముసలాయన ఊరికే ఇంత చాటుకుంటాడు అని విసుక్కునేదాన్ని కూడా.

సైదులు మా బట్టీకి మొదటి నుంచి కట్టెలు తోలే మనిషి. మామ కంటే నాలుగేళ్లు చిన్న. సంక్రాంతి దాటిన ఒక శుక్రవారం పొద్దున పెరట్లో బండి దింపి, చెమట తుడుచుకుంటూ, "అమ్మా, చోటే భాయ్‌కి మతి గిట్ల తప్పుతాందా?" అని అడిగాడు.

"ఏమైంది?"

"ఉర్సుల ఖమీర్ సచ్చిందని జెప్తుండు గద. ఆ ఉర్సుకు నా బండి మీదనే వోయినం. ఆయన, మీ అత్త, నేను, మా ఆమె. గురిగిని తువ్వాలతోని నడుముకు కట్టుకుని కూసున్నడు, పసిపిల్లను ఎత్తుకున్నట్టు. దర్గా కాడ గూడ ముందు దానికి పిండి కలిపి పెట్టినంకనే గుడారంలకు వోయిండు. మేం ఎంత నవ్వినమో. నీళ్లు తాగడానికి దిగినా మాకియ్యలే, పగులగొడుతరని. గట్లాంటి మనిషి మరిచిపోయిన అంటడేందమ్మా? పురుగులెక్కడియి? ఉస్తాద్ ఇచ్చినదాన్నే వాపస్ తెచ్చిండు, నా కండ్లతోని చూసిన."

కట్టెల మీద కూర్చుండిపోయాను. మొదట నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. నా తప్పును నా చేతిలోంచి లాక్కుని తన నెత్తిన పెట్టుకోమని ఆయనను ఎవరడిగారు? జీవితమంతా ఒక్కటంటే ఒక్క గొప్ప ఉంది ఆ మనిషికి. దాన్ని అంగట్లో నిలబెట్టి నవ్వులపాలు చేసుకున్నాడు. పైగా నేను! నేను కూడా ఎగతాళి చేశాను. సిగ్గుతో ఒళ్లంతా మండిపోయింది.

చేతులకు పిండి అట్లాగే ఉండగా అంగట్లోకి వెళ్లాను. మామ స్టూలు మీద ఉన్నాడు. చాయ్ హోటల్ ఆయన, ఇంకో ఇద్దరు ముగ్గురు నిలబడి ఉన్నారు. కాలువ అవతలి తండా దగ్గరి ఊరి నుంచి వచ్చిన భిక్షమ్మ అనే ముసలావిడ అరుగు అంచున కూర్చుని రొమ్ము మీద చేయి వేసుకుని ఆయాసం తీర్చుకుంటోంది. మామ అదే కథ ఎత్తుకున్నాడు. పురుగుల దాకా వచ్చాడు.

"అబద్ధం" అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినబడింది. "మామ అబద్ధం జెప్తాండు. ఖమీర్ ఏ ఉర్సుల సావలే. ఉస్తాద్ ఇచ్చిన ఖమీర్‌ను ముప్పై ఏండ్లు ప్రాణం లెక్క సాకిండు. దాన్ని సంపింది నేను. నా బుద్ధితక్కువకు మందు కలిపి సంపిన. నన్ను కాపాడనీకె తన మీద ఏసుకుంటుండు. ఇగనన్న నవ్వేటోళ్లు నన్ను చూసి నవ్వుండ్రి."

ఎవరూ నవ్వలేదు. చాయ్ హోటల్ ఆయన నేలచూపులు చూశాడు. మామ మొహంలోకి నెత్తురంతా వచ్చింది. "లోపలికి పో" అన్నాడు. నా పెళ్లయిన పదకొండేళ్లలో ఆయన నాతో ఆ గొంతుతో మాట్లాడటం అదే మొదలు.

భిక్షమ్మ ఒకసారి ఆయన వైపు, ఒకసారి నా వైపు చూసింది. మా గొడవ ఆవిడకు పట్టినట్టు లేదు.

"ఎవలు సంపితే ఏంది బిడ్డా, నాకొక రొట్టె ఇయ్యి" అంది. "మనుమరాలికి నాలుగొద్దుల సంది జరం. గా ఎనిమిది దినాలుండేది ఇయ్యి. మొన్న గీ ఖమీర్‌ది కొంటవోతె రెండోనాడే బూజు వట్టింది. మల్ల మల్ల గింత దూరం నడిసి రానీకె నాతోని గాదు."

మామే లేచాడు. మందు రొట్టెల తట్టలోంచి ఒకటి తీసి, వణికే చేతులతో కాగితం చుట్టబోయాడు. రెండుసార్లు జారింది. చివరికి చుట్టి ఆవిడ చేతిలో పెట్టి, "మంచిగైతది, తీస్కపో" అన్నాడు. ఆవిడ కొంగుకు కట్టుకుని కాలువ గట్టు వైపు నడిచిపోయింది. మిగతావాళ్లు కూడా ఒక్కొక్కరే జారుకున్నారు.

మేమిద్దరమే మిగిలాం. ఆయన స్టూలు మీద కూర్చోలేదు.

"ఎందుకు జెప్పినవ్?" అన్నాడు.

"నా తప్పు నాది మామా. నువ్వెందుకు మోయాలె?"

"పిండి పిసకరాదు నాకు. బట్టీల కట్టె ఎయ్యరాదు. రొట్టె తట్ట లేపరాదు. నిన్ను ఒక్క మాట పడనియ్యకుండ చూసుడొక్కటే నాతోనైన పని. మూడు నెలల సంది దినాం పొద్దున గా పనికే లేస్తున్న. గది గూడ గుంజుకుంటివి గదనే బిడ్డా."

ఆయన గోడ పట్టుకుని నెమ్మదిగా లోపలికి వెళ్లి, మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. నేను వెళ్లి కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చాను. తన చేయి నా తల మీద వేశాడు.

ఆ తర్వాత మామ మరో పదకొండు నెలలు బతికాడు. నాతో ఎప్పటిలాగే ప్రేమగా ఉన్నాడు, పెట్టింది తిన్నాడు, అడిగితే ఖమీర్ వాసన చూసి బాగుందనేవాడు. అంగడి ముందు మాత్రం మళ్లీ ఒక్కరోజు కూడా కూర్చోలేదు. ఎంత బతిమాలినా, "ఏం జెప్పను బిడ్డా, కూసొని?" అనేవాడు. ఉన్నదున్నట్టు చెప్పి మంచి పని చేశావని మా ఆయన అన్నాడు, సైదులూ అన్నాడు. ఇప్పటికీ నా మనసు మాత్రం ఆ మాట ఒప్పుకోదు.